ఆ రాత్రి మేమూ మైదానంలో ఉన్నాం...

మొన్న సెలవులకి మా అమ్మాయి హైదరాబాద్ నుంచి ఆదిలాబాద్ వచ్చింది. వచ్చీరాగానే ఫోన్ నా చేతిలో పెట్టి "అమ్మా, ఇది చూడు" అంది. రంగురంగుల లైట్లు, పొగ, గిటార్లు మెడలో వేసుకుని గెంతుతున్న నలుగురు కుర్రాళ్లు, వాళ్ల ముందు చేతులెత్తి ఊగిపోతున్న పిల్లలు. టికెట్టు రెండున్నర వేలట! అదీ నిలబడి చూడటానికి! పాట మాత్రం ఎక్కడో విన్నట్టే ఉంది. తీరా చూస్తే మన పల్లెపాటే. దానికి డ్రమ్ములూ గిటార్లూ తగిలించారు.

"దీన్ని ఫోక్ రాక్ అంటారమ్మా" అని నాకు పాఠం చెప్పి, "నువ్వెప్పుడన్నా ఇట్లా లైవ్ చూసినవా?" అని అడిగింది. ఎక్కడ చూసి ఉంటుందిలే అన్న ధీమా ఆ గొంతులో!

"చూశాను."

"ఎక్కడ?"

"బెల్లంపల్లి దగ్గర మన అమ్మమ్మ వాళ్ల బొగ్గుబాయిల కాలనీలో. 1990లో."

"అక్కడ బ్యాండా!" అని పడీపడీ నవ్వింది. "పేరేంటి?"

"జననాట్య మండలి."

ఆ పేరు దానికి తెలియదు. గద్దర్ అంటే మాత్రం తెలుసు. "ఓ... ఆయనా! టీవీలో చూశా" అంది. టీవీలో చూడటం వేరు, మట్టినేల మీద కూచుని చూడటం వేరని దానికెట్లా చెప్పను? ఎంత చెప్పినా నా ఒక్కదాని మాటే అవుతుంది. అందుకని ఆ రాత్రి నాతో వచ్చినవాళ్లందరినీ మళ్లీ పలకరించాను. మా అమ్మ, మా వదినె, చిన్నమ్మ, పక్క క్వార్టర్ అత్త. ముప్పై అయిదేళ్లు దాటిపోయింది కదా... చూసింది అందరం ఒకటే, కానీ ఒక్కొక్కరికి ఒక్కో రాత్రి గుర్తుంది.

గిటారు లేదు... డప్పుంది

అసలు దాన్ని బ్యాండ్ అనొచ్చా అని మీకూ అనుమానం రావచ్చు. ఎందుకనకూడదు? 1965లో అమెరికాలో బాబ్ డిలాన్ అనే గాయకుడు న్యూపోర్ట్ జానపద ఉత్సవంలో కరెంటు గిటారుతో వేదిక ఎక్కితే, జానపదాన్ని పాడుచేస్తున్నాడని కొందరు గోల చేశారట. ఆ డిలాన్‌కే 2016లో సాహిత్యానికి నోబెల్ బహుమతి ఇచ్చారు! మన దగ్గర జననాట్య మండలి 1972లో మొదలైంది. వీళ్లకు కరెంటు గిటారు లేదు. మా ఊళ్లకైతే కరెంటే సరిగ్గా ఉండేది కాదు. డప్పు, డోలక్, కంజీర, కాళ్లకు గజ్జెలు. అంతే సరంజామా. ఆ చప్పుడుకి గుండె అదిరేది మాత్రం నిజం.

గద్దర్ అసలు పేరు గుమ్మడి విఠల్. ఊరు మెదక్ వైపు తూప్రాన్. బుర్రకథలతో మొదలుపెట్టి, కొన్నాళ్లు బ్యాంకులో ఉద్యోగం చేసి, దాన్ని వదిలేసి పాటలోకి వచ్చేశారు. 1913లో అమెరికాలోని మనవాళ్లు పెట్టిన గదర్ పార్టీ నుంచి ఆ పేరు వచ్చింది. 'మా భూమి' సినిమాలో గొంగడి వేసుకుని బండి యాదగిరి పాట పాడే మనిషి ఆయనే. 1985లో కారంచేడు ఘటన తర్వాత అజ్ఞాతంలోకి వెళ్లిపోయారు. దాదాపు అయిదేళ్లు మనిషి కనిపించలేదు. పాట మాత్రం క్యాసెట్లలో తిరుగుతూనే ఉండేది. మా కాలనీలో టూ-ఇన్-వన్ ఉన్న ఇల్లు నాలుగిళ్ల అవతల ఒకటి ఉండేది. మసక చీకటి పడ్డాక, తలుపులు దగ్గరకేసి, చప్పుడు బాగా తగ్గించి పెట్టేవాళ్లు. గోడకి చెవులానించి వినేవాళ్లం.

1990లో చెన్నారెడ్డి ప్రభుత్వం కాస్త పట్టు సడలించింది. ఫిబ్రవరిలో గద్దర్ బయటికి వచ్చి హైదరాబాద్ నిజాం కాలేజీ మైదానంలో పాడితే జనం పోటెత్తారు. మే నెలలో వరంగల్‌లో రైతుకూలీ సంఘం మహాసభ. ఊళ్లకు ఊళ్లు లారీలెక్కి, రైళ్లెక్కి కదిలాయి. ఆ ఎండాకాలమే ఓ రోజు మా కాలనీ పక్క మైదానంలోనూ కార్యక్రమం అన్నారు.

అడగకుంట పోతే తప్పేంది?

పాట కన్నా ముందు చెప్పాల్సింది, పాట దగ్గరికి ఎట్లా పోయామన్నది. మగవాళ్లకేముంది, తువ్వాల భుజాన వేసుకుని వెళ్లిపోతారు. మాకో? రాత్రిపూట ఆడవాళ్లు మీటింగుకి పోవడమా! అదీ మామూలు మీటింగా! నాకప్పుడు పద్దెనిమిదేళ్లు. ఇంటర్ అయిపోయి ఇంట్లో కూచున్నాను. సంబంధాలు చూస్తున్నారు.

మా బాపుకి ఆ వారం సెకండ్ షిఫ్టు. మధ్యాహ్నం మూడింటికి బాయిలోకి దిగితే రాత్రి పదకొండు తర్వాతే ఇంటికి. బాపుని అడుగుదామా అన్నాను అమ్మతో. అమ్మ పొయ్యి ఊదుతూ ఓ మాట అంది. "అడిగితే వద్దంటడు. వద్దన్నంక పోతే తప్పు. అడగకుంట పోతే తప్పేంది?"

ఈ తర్కానికి ఇప్పటికీ నా దగ్గర జవాబు లేదు!

సాయంత్రమే అన్నం వండి, పప్పు చేసి, గిన్నెలమీద మూతలు పెట్టి, తాళంచెవి నీళ్ల కుండ కింద పెట్టింది. బబ్బెర గుడాలు ఉడకబెట్టి గుడ్డలో మూటగట్టింది. ఓ మరచెంబులో నీళ్లు, రెండు గోనెసంచులు. అయిదుగురం బయల్దేరేసరికి వీధి చివర ఇంకో ఏడెనిమిది మంది ఆడవాళ్లు నిలబడి ఉన్నారు. ఎవరూ ఎవర్నీ పిలవలేదు. పిల్లల్ని చంకనేసుకుని, కొంగు తలమీద కప్పుకుని, అంతా ఒకే దిక్కుకి నడిచాం. మా వదినెకు అప్పుడు ఆరో నెల. "మా అత్తనే ముందుండి తీస్కపోయె, ఇగ నన్నెవరంటరు?" అని ఇప్పటికీ నవ్వుతుంది.

మైదానంలో ఆడవాళ్లకని ఓ పక్క తాడు కట్టారు. గోనెసంచి పరుచుకుని కూచున్నాం. ఎనిమిదింటికన్నారు, తొమ్మిదిన్నరైనా మొదలుకాలేదు. వేదిక పక్కన చెత్త మంటేసి డప్పులు కాస్తున్నారు. వేడి తగిలితేనే కదా తోలు బిగిసి మోగేది! మధ్యలో కరెంటు పోయింది. ఇగ ఈ పూటకి అయిపోయిందనుకున్నాం. ఎవరో గ్యాసులైటు పట్టుకొచ్చారు.

కరెంటు వచ్చాక ముందుగా మాకు వినిపించింది పాట కాదు, గజ్జెల మోత. మనిషింకా కనిపించలేదు, మైకులోంచి ఘల్లుఘల్లుమని చప్పుడు. మైదానమంతా ఒక్కసారి ఊపిరి బిగబట్టినట్టయింది. గోచి పెట్టిన పంచె, మీద అంగీ లేదు, భుజాన నల్ల గొంగడి, చేతిలో కర్ర. చిన్నపిల్లాడు దూకినట్టు దూకాడు. వెనక డప్పు అందుకుంది...

ఈ పాటల కార్యక్రమం ఎట్లా ఉండేదో చూడనివాళ్లకు చెప్పడం కష్టం. ఓ చరణం పాడి ఆపేస్తాడు. మాటల్లోకి దిగుతాడు. అప్పటికప్పుడు ముసలమ్మ అయిపోతాడు, నడుం పట్టుకుని ఓ రెండడుగులు నడుస్తాడు. మళ్లీ పటేలు అయిపోయి మీసం తిప్పుతాడు. ఎదురుగా ఉన్నవాళ్లని ప్రశ్న అడుగుతాడు, జనం అరిచి జవాబు చెప్తారు. ఆ జవాబు మీదనుంచే మళ్లీ పాట లేస్తుంది. వెనక కోరస్ పట్టుకునే వాళ్లది ఇంకో విద్య. ఆయన ఎక్కడ ఆపుతాడో, ఎక్కడ ఎత్తుతాడో వాళ్లకే తెలుసు. డోలక్ కొట్టే ఆయన కళ్లు గద్దర్ పాదాలమీదే ఉండటం నేను చూశాను.

బాయి పనిమీద పాట వచ్చినప్పుడు మగవాళ్ల వైపు నుంచి ఈలలు. ఇంద్రవెల్లి మాట వచ్చినప్పుడు మాత్రం ఎవరూ ఈల వెయ్యలేదు. మన జిల్లాలోనే 1981 ఏప్రిల్ 20న గోండుల మీద కాల్పులు జరిగిన ఊరు కదా. సర్కారు లెక్కలో చనిపోయింది 13 మంది. మా కాలనీ చుట్టుపక్కల వాళ్ల లెక్కలో అంతకు ఎన్నో రెట్లు. డప్పు ఆగిపోయి ఉత్త గొంతు మాత్రమే వినిపించింది.

ఇది మా అమ్మ రాగమే!

మా అమ్మకు గుర్తున్న ఆ రాత్రి వేరు. ఆడవాళ్ల కష్టం మీద ఓ పాట మొదలైంది. కడుపుతో ఉండి కూలికి పోయే మనిషి కథ. మొదటి రెండు మాటలు కాగానే అమ్మ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. "ఇది మా అమ్మ ఇసుర్రాయి కాడ పాడిన రాగమేనే!" అంది. మాటలు వేరు, రాగం అదే. అమ్మమ్మ జొన్నలు విసురుతూ పాడిన రాగం. ఆమెతోపాటే పోయిందనుకున్న రాగం. అంత పెద్ద మైకులోంచి, అన్ని వేలమంది ముందు!

జననాట్య మండలి పద్ధతే అది. నాట్ల పాటలు, జోలపాటలు, బతుకమ్మ పాటలు, ఒగ్గుకథలు... జనం నోళ్లలో ఉన్న బాణీ తీసుకుని కొత్త మాటలు కట్టేవాళ్లు. గద్దర్ కూడా తన తల్లి లచ్చుమమ్మ పాటల ప్రభావం గురించి చెప్పుకునేవారు. ఏమాటకామాటే చెప్పుకోవాలి. ఆ బాణీలు కట్టినవాళ్లలో సగానికి పైగా ఆడవాళ్లే అయి ఉంటారని నాకనిపిస్తుంది. పొలంలో వంగి నాటేసింది వాళ్లు, తొట్టెల ఊపింది వాళ్లు. వేదికమీద మాత్రం మగవాళ్లే ఎక్కువ. ఆ రాత్రి ఓ అమ్మాయి ముందుకొచ్చి ఒక పాట మొత్తం తానే పాడితే తాడు ఇవతలున్న మేమంతా మోకాళ్లమీద లేచి చూశాం. ఆమె పేరు మాకు తెలియలేదు, ఎవరూ చెప్పలేదు. తర్వాత తర్వాత అరుణోదయ విమలక్క లాంటివాళ్లు ముందు నిలబడి వేదికను నడిపించారు. భువనగిరి పాట బెల్లి లలిత కూడా అట్లాగే జనాన్ని కట్టిపడేసేది. ఆమెను 1999లో చంపేశారు.

మా వదినె అయితే ఆ కూలిమనిషి పాటకి ఏడ్చింది. ఎందుకేడ్చావంటే, "నాకప్పుడు ఆరో నెల గద... లోపలున్న పొట్టెగాడు డప్పు చప్పుడుకు తన్నుడు మొదలువెట్టిండు. నవ్వాల్నో ఏడ్వాల్నో సమజ్ కాలె" అంది. ఆ పొట్టెగాడు ఇప్పుడు మంచిర్యాలలో మొబైల్ దుకాణం నడుపుతున్నాడు. డప్పు అంటే చెవులు మూసుకుంటాడు.

చిన్నమ్మ అంతకుముందే వరంగల్ సభకీ వెళ్లొచ్చింది. ఈ విషయంలో మా అందరిలో ఆమెదే పైచెయ్యి! కాజీపేట వైపు పోయే ప్యాసింజరు రైల్లో నిలబడే చోటు లేక బాత్రూం పక్కన కూచుని వెళ్లిందట. "ఏం కనిపించింది చిన్నమ్మా?" అంటే "మంది తలకాయలు" అంది. వేదిక మీద మనుషులు బొటనవేలంత కూడా లేరట. ఒక చెప్పు అక్కడే పోయింది. రెండోది చేతిలో పట్టుకుని ఇంటిదాకా తెచ్చుకుంది. ఒక్క చెప్పు ఏం చేసుకుంటావని బాబాయి అడిగితే, "పోయినదానికి సాక్షి" అందట.

పక్క క్వార్టర్ అత్త

అత్త దగ్గరికి పోవడానికి నాకు ధైర్యం చాలలేదు. చివరికి వెళ్లాను. "యాదికి లేదు బిడ్డా" అంది. టీ పెట్టిచ్చింది. కాసేపటికి తనే మొదలుపెట్టింది. మేము ఏ స్తంభం పక్కన కూచున్నామో చెప్పింది. గుడాల్లో ఉప్పు ఎక్కువైందని చెప్పింది. పదిహేనేళ్ల తన కొడుకు ఆ రోజు నీలం గీతల అంగీ తొడుక్కున్నాడని చెప్పింది.

ఆ పిల్లాడు మగవాళ్ల వైపు పోకుండా మాతోనే కూచున్నాడు. పాటలన్నీ నోటికి పట్టేశాడు. మరునాటి నుంచి వాకిట్లో రేకు డబ్బా మీద డప్పు దరువు. ఏడాది తిరిగేసరికి ఇంట్లోంచి వెళ్లిపోయాడు. మళ్లీ రాలేదు.

"ఆ రాత్రి నేనే ఎంట తీస్కపోయిన గద" అంది అత్త.

ఏం చెప్పాలి? పాట వింటేనే పిల్లలు పోతారా అని అనొచ్చు. ఆ రోజుల్లో మా బొగ్గుబాయిల ఊళ్లలో పరిస్థితులు అట్లా ఉన్నాయనీ అనొచ్చు. అవన్నీ నేను పేపర్లో రాయడానికి పనికొస్తాయి గానీ అత్తకు చెప్పడానికి పనికిరావు. అటు అడవికి పోయి తిరిగి రాని పిల్లలున్నారు. ఇటు పోలీసు ఉద్యోగంలో చేరి పెట్టెలో ఇంటికొచ్చిన పిల్లలూ ఉన్నారు. తుపాకులు రెండు వైపులా మోగాయి, తల్లులు రెండు వైపులా ఉన్నారు. ఆ పాటల్ని ఇష్టంగా తలుచుకునేటప్పుడు అత్త మొహం కూడా నా కళ్లముందు కదులుతుంది. దాన్ని పక్కన పెట్టి ఉత్త సంబరంలా ఈ కథ చెప్పలేను.

రాజన్న పాటలు అని రాసింది

ఆ రాత్రి ఇంటికొచ్చేసరికి రెండు దాటింది. బాపు గడపమీద కూచుని ఉన్నాడు. అన్నం గిన్నెమీద మూత కూడా తియ్యలేదు. ఒక్క మాటా అనలేదు. అనకపోవడమే ఎక్కువ భయం! ఎనిమిది రోజులు అమ్మతో మాట్లాడలేదు. తొమ్మిదో రోజు అమ్మని నేను అడిగాను, బాధగా లేదా అని. "మాట్లాడకపోతే మాట్లాడకపాయె. పాటలు యాది చేసుకోనీకి తీరుబడి దొరికింది" అంది.

నిజమే, ఆ ఏడాది అమ్మ ఇల్లంతా పాటే. అంతకుముందు బతుకమ్మ పండక్కి తప్ప గొంతు పైకెత్తని మనిషి. బియ్యం చెరుగుతూ, బట్టలు పిండుతూ అమ్మమ్మ పాటలు ఒక్కోటీ బయటికి తీసింది. కొన్నిటికి సగమే గుర్తుంది. మిగతా సగం తనే కట్టుకుంది. కూరగాయల డబ్బుల్లోంచి మిగిల్చి గద్దర్ పాటల పుస్తకం ఒకటి, క్యాసెట్టు ఒకటి తెప్పించుకుంది. మాకు టేప్ రికార్డర్ లేదు మరి! క్యాసెట్టు కొని, నాలుగిళ్ల అవతలికి పోయి వినేది.

1992లో నిషేధం వచ్చింది. పీపుల్స్‌వార్‌తో పాటు దాని అనుబంధ సంఘాల మీద కూడా. ఎవరింట్లో పాటల పుస్తకం దొరికితే ఏమవుతుందో అని కాలనీ అంతా గుసగుసలు. ఓ పొద్దున లేచేసరికి అమ్మ పొయ్యి ముందు కూచుని పుస్తకం పేజీలు ఒక్కోటీ చించి మంటలో వేస్తోంది. చదవడం సరిగా రాదు, అయినా ప్రతి పేజీని ఒకసారి చూసి మరీ వేస్తోంది. క్యాసెట్టు మాత్రం పడెయ్యలేకపోయింది. పైన కాగితం గీకేసి, నాతో 'వేములవాడ రాజన్న పాటలు' అని రాయించి, బియ్యం డబ్బా అడుగున పెట్టింది. ఆ తర్వాత అమ్మ పాడగా నేను వినలేదు. ఆ ఏడే నా పెళ్లయి ఆదిలాబాద్ వచ్చేశాను. నేను లేనప్పుడు పాడిందేమో తెలియదు. అడిగితే నవ్వి ఊరుకుంటుంది.

ఆ తర్వాత సంగతులు మీకూ తెలిసినవే. 1995లో 'ఒరేయ్ రిక్షా' సినిమాకి గద్దర్ రాసిన అన్నాచెల్లెళ్ల పాట రేడియోలో, పెళ్లిళ్లలో మోగని రోజు లేదు. దానికి నంది అవార్డిస్తే ఆయన వద్దన్నారు. 1997 ఏప్రిల్ 6న ఇంటిదగ్గరే ఆయన మీద కాల్పులు జరిగాయి. ఒక తూటా చివరిదాకా ఒంట్లోనే ఉండిపోయింది. 2002లో కామారెడ్డిలో మొదలైన ధూంధాం ఊరూరికీ పాకినప్పుడు, మన దండేపల్లి మండలం లింగాపూర్ బిడ్డ గూడ అంజయ్య పాటలు మళ్లీ ప్రతి వేదికా ఎక్కాయి. అప్పటికి ఆడపిల్లలు తాడు ఇవతల కూచోవడం మానేశారు. వేదిక ముందుకే వచ్చి ఆడారు. ఎన్నికలు వద్దన్న గద్దరే 2018లో మొదటిసారి ఓటేశారు. ఆయన మారడం కొందరికి నచ్చింది, కొందరికి కోపమొచ్చింది. మా చిన్నమ్మకి అయితే కోపమే. "మనిషి మారొచ్చు బిడ్డా, నేను మాత్రం చెప్పు పోగొట్టుకున్న" అంటుంది.

2023 ఆగస్టు 6న ఆయన పోయారు. మర్నాడు టీవీలో ఎల్బీ స్టేడియం నుంచి చూపిస్తున్నప్పుడు నేను అమ్మ దగ్గరే ఉన్నాను. అమ్మకు ఎనభై దగ్గర పడుతోంది. చెవులు మందగించాయి. కుర్చీ టీవీకి దగ్గరగా జరుపుకుని చాలాసేపు చూసింది. "గొంగడి ఏది? గొంగడి లేకుంట కూడ ఉంటడా?" అని అడిగింది.

మా అమ్మాయికి ఇవన్నీ చెప్పేసరికి రాత్రి ఒంటిగంట అయింది. పొద్దున్నే నన్ను లేపి, "పద, అమ్మమ్మ దగ్గరికి పోదాం" అంది. బస్సులో అంతసేపూ ఫోన్‌లో ఏవేవో పాత వీడియోలు వెతుకుతూనే ఉంది. మేము వెళ్లేసరికి అమ్మ వాకిట్లో పల్లికాయలు ఒలుస్తోంది. బియ్యం డబ్బాలో క్యాసెట్టు ఇంకా ఉందా అని అడిగితే, డబ్బా మారింది గానీ క్యాసెట్టు అక్కడే ఉందంది. తీసి చూశాం. రీలు అతుక్కుపోయింది. నా పద్దెనిమిది, ఇరవయ్యేళ్ల నాటి చేతిరాత మాత్రం చెక్కుచెదరలేదు... 'వేములవాడ రాజన్న పాటలు'!

మా అమ్మాయి ఫోన్‌లో ఓ వీడియో పెట్టి అమ్మమ్మ చేతిలో ఉంచింది. గజ్జెల మోత, డప్పు. గీతలు పడ్డ పాత బొమ్మ. ఫోన్ చిన్నది, గొంతు సన్నగా వస్తోంది. అమ్మ దాన్ని చెవికి ఆనించుకుంది. పల్లికాయల చేట పక్కకు జరిపి, తెరిచి ఉన్న వీధి తలుపు వైపు ఓసారి చూసింది.

"చప్పుడు జర పెంచు బిడ్డా" అంది.